గలేబు సిలాయి ఎంత?

దిండుకి తొడిగే గుడ్డని తెలుగులో గలేబు అంటారు, కొన్ని ఊళ్లల్లో గలీబు. ఈ మాట మన గిలాఫే. 'ఫ' పలకడం కష్టమై 'బ' అయింది, అంతే. అరబీలో పుట్టి, ఫార్సీ, ఉర్దూ మీదుగా వచ్చి తెలుగింటి తలగడ మీద సెటిల్ అయిపోయింది. కాబా షరీఫ్ మీద కప్పేదీ గిలాఫే, మన రజాయికి తొడిగేదీ గిలాఫే. దీనికి చుట్టం లాంటి మాట ఇంకోటి ఉంది: పోష్. పలంగ్‌పోష్, మేజ్‌పోష్, పళ్లెం మీద కప్పే ఖ్వాన్‌పోష్. మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన పలంగ్‌పోష్ ఇంగ్లీషువాళ్ల నోట్లో 'పలంపోర్' అయింది.

మాటల ముచ్చట అలా ఉంచుదాం. ఈసారి నాకు కావాల్సింది హిసాబ్. సోఫాకి గిలాఫ్ కుట్టమంటే దర్జీ ఒక ఖరీదు చెప్తాడు. "ఇంతా!" అని మనం కళ్లు పెద్దవి చేస్తాం. గుడ్డ దుకాణంలో మీటరుకి ఎంతంటే అంత ఇచ్చి వచ్చిన మనమే, సిలాయి దగ్గరికొచ్చేసరికి వంద తగ్గించమని పట్టుబడతాం. ఈ ఆదత్ ఎప్పటిది?

మన పాత ఇళ్లల్లో ఈ పేచీ తక్కువ, ఎందుకంటే కుర్చీలే తక్కువ. దివాన్‌ఖానాలో తివాచీ, తివాచీ మీద తెల్లటి చాందినీ, గోడవారగా మస్నద్, ఆనుకోవడానికి గావ్ తకియా. తివాచీ ఉతకడం కుదరదు, చాందినీ ఉతకొచ్చు. సోఫా గిలాఫ్ చేసే పనీ అదే. (తెలుగులో చాందినీ అంటే పైన కట్టే గుడ్డ. ఒకే మాట ఉర్దూలో ఎక్కువగా నేల మీద పరుచుకుంది, తెలుగులో నెత్తి మీదికి ఎక్కింది!) చాందినీకి అన్నీ నిలువు కుట్లే. పన్నాలు పక్కపక్కన జోడించి, అంచులు తుర్పాయి చేస్తే అయిపోతుంది. గావ్ తకియాకి రెండు గుండ్రటి మూతులు, ఒక పొడుగు ముక్క. గుడ్డ లెక్క పిల్లలు కూడా వేసేస్తారు.

ఇక అక్బర్ దర్బారుకి వెళ్దాం. అబుల్ ఫజ్ల్ రాసిన ఆయినె అక్బరీలో బట్టల, పరుపుల కార్ఖానా గురించి ఒక భాగం ఉంది. తకౌచియా అనే అస్తరు లేని అంగరఖా లాంటి జామాకి ఏమేం కావాలో ఆయన రాసిన తీరు చూస్తే ఇవాళ్టి బిల్లు చూసినట్టే ఉంటుంది. గుడ్డ 7 గజాల 7 గిరాలు. అంచుపట్టీకి ఇంకో 5 గిరాలు. పట్టుదారం ఒక మిస్ఖాల్. కుట్టుకూలి సాదాగా అయితే 1 నుంచి 3 రూపాయలు, నగిషీ కుట్టు అయితే 4 రూపాయల 12 అణాల దాకా. గిరా అంటే గజంలో 16వ వంతు. గుడ్డ అంతా కలిపితే 7 గజాల 12 గిరాలు. ఇలాహీ గజాన్ని ఇంగ్లీషువాళ్లు తర్వాత 33 అంగుళాలుగా ఖరారు చేశారు. ఆ లెక్కన ఇది సుమారు ఆరున్నర మీటర్లు.

గుడ్డ వేరు, దారం వేరు, అంచు వేరు, చేతి పని వేరు. ఏదీ ఇంకోదాని కడుపులో దాచలేదు. ఆ 1 రూపాయి చిన్నదేమీ కాదు. అప్పట్లో రూపాయికి 40 దాములు. అదే పుస్తకంలో మొదటి తరగతి వడ్రంగికి రోజుకి 7 దాములు, చివరి తరగతి వాడికి 2 దాములు. అంటే ఒక సాదా జామా కుట్టడానికి ఇచ్చిన అతి తక్కువ కూలి, మంచి వడ్రంగి ఆరు రోజుల కూలికి దగ్గర. బాద్‌షా కార్ఖానా రేట్లు బజారు దర్జీకి దక్కాయని నేననను. కానీ సూదిపని అంటే వడ్రంగం కంటే తక్కువ అనే ఖయాల్ ఆ కాగితాల మీద మాత్రం కనిపించదు.

ఫిరంగీలతో పాటు కుర్చీ, సోఫా వచ్చాయి, లెక్క తలకిందులైంది. చేతులున్న కుర్చీకి వంపులుంటాయి. వంపు కోస్తే ముక్కలు మిగులుతాయి. వాటిని మన దర్జీలు కత్రన్ అంటారు. కొన్నది 14 గజాలు, కుట్టులోకి వచ్చింది 12. మిగతా రెండు ఎవరివి? ఈ తగాదా మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లో దర్జీలు దాచుకునే కత్రన్‌కి ఏకంగా ఒక పేరే ఉంది: 'క్యాబేజీ'. గిరాకీకి అనుమానం, దర్జీకి అది నా హక్కు అనే ధీమా. బిల్లులో రాయని వస్తువు మీద రెండు దేశాల్లోనూ ఒకటే గొడవ.

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పెద్దింటి కుర్చీలకి పట్టు దమాస్క్ వేసి, దాని మీద మామూలు గళ్ల గుడ్డ గిలాఫ్ తొడిగేవారు. మెహమాన్లు వస్తే తీసేవారు. థామస్ చిప్పెండేల్ లాంటి మేస్త్రీలు కుర్చీతో పాటు గిలాఫులూ సరఫరా చేసేవారు. మన తీరం నుంచి వెళ్లిన ఛీంట్ అక్కడి ఇళ్లల్లో ఎంతగా పాకిందంటే, ఊలు, పట్టు నేతవాళ్లు గోల పెట్టారు. 1721 చట్టంతో అద్దకం నూలుబట్ట ఒంటి మీదే కాదు, మంచానికి, కుర్చీకి, దిండుకి వాడటం కూడా మనా అయింది. దిండు గలేబు మీద పార్లమెంటు చట్టం! నవ్వొస్తుంది కానీ, ఆ చట్టం వెనక కలంకారీ చేతుల రోజీ ఉంది.

ఆ కాలపు ప్రసిద్ధ నటుడు డేవిడ్ గ్యారిక్ ఇంట్లో జరిగింది వినండి. కలకత్తాలో నాటకశాలకి సాయం చేసినందుకు అక్కడి వర్తకులు ఆయనకి తోఫాగా ఛీంట్ పంపారు. మచిలీపట్నంలో తయారైన గుడ్డ. చిప్పెండేల్ దుకాణం చేసిన మంచానికి అవి పరదాలు. 1775లో కస్టమ్స్ వాళ్లు ఆ గుడ్డని జప్తు చేశారు. భార్య బాధ చూడలేక గ్యారిక్ పెద్ద అధికారికి ఉత్తరం రాసుకున్నాడు. ఇప్పుడు ఆ మంచం లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మంచం చేసిన మేస్త్రీ పేరు దొరుకుతుంది, వాడుకున్న నటుడి పేరు దొరుకుతుంది. మచిలీపట్నంలో కలం పట్టిన చేతి పేరు దొరకదు.

హైదరాబాద్‌లో ఖరీదు తేల్చడానికి ఇంకో చిక్కు ఉండేది. నిజాం రాజ్యానికి సొంత నాణెం, హాలీ సిక్కా. ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయలు 100కి హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు. "పది రూపాయలు" అని ఊరికే అంటే చాలదు, ఏ పది అన్నది కూడా తేలాలి. గజం సంగతీ అంతే. బట్టల బజారులో అది 36 అంగుళాల దగ్గర ఆగింది, గిరా రెండుంపావు అంగుళాలైంది. 1956లో కొలతల చట్టం వచ్చి మీటరు అధికారికమైంది. మా నానీమా మాత్రం మీటరు టేపు చేతిలో పెట్టుకుని గిరాల్లోనే మాట్లాడేది. పాత దర్జీలు కొందరు ఇంకా మాట్లాడతారు.

ఆ తర్వాత వచ్చింది 'సీటుకి ఇంత' అనే లెక్క. త్రీ సీటర్ అయితే ముగ్గురి లెక్క, సింగిల్ అయితే ఒకరి లెక్క. చెప్పడానికి సులువు, అందుకే నిలిచింది. ఇన్సాఫ్ కోణంలో చూస్తే నాకిది నచ్చదు. చేతులు గుండ్రంగా ఉన్నాయా, దిండ్లు విడిగా వస్తాయా, అంచున మగ్జీ కావాలా, కింద జాలరు కావాలా, ఇవేవీ సీటు లెక్కలో కనపడవు. ఎక్కువైన పనంతా కుట్టేవాళ్ల నడుం మీద పడుతుంది.

ఆ నడుం చాలాసార్లు ఆడవాళ్లది. అహ్మదాబాద్ దరియాపూర్‌లో ముస్లిం ఆడవాళ్లు మిల్లుల్లో మిగిలిన చిందీ ముక్కలు జోడించి ఖోల్ కుట్టేవారు. ఖోల్ అంటే రజాయి గిలాఫే. గుడ్డ వ్యాపారిది, మెషీనూ కరెంటూ ఇల్లూ ఆమెవి. ఇచ్చేది ముక్కకి కొన్ని పైసలు. 1972లో మొదలైన సేవా సంఘం 1970ల చివర్లో వాళ్లని కూడగట్టింది. రేటు పెంచమని అడిగితే వ్యాపారులు పని ఆపేస్తామన్నారు. అప్పుడు ఆ ఆడవాళ్లు సబీనా అని తమ సొంత సహకార సంఘం పెట్టుకుని, చిందీ తామే కొని, ఖోల్ తామే అమ్మారు. వాళ్లు బిల్లులోకి తెచ్చింది అబుల్ ఫజ్ల్ విడివిడిగా రాసిన సంగతే: గుడ్డ ఖరీదు వేరు, చేతి ఖరీదు వేరు. మన పాతబస్తీలో గల్లీ తలుపు వెనక మెషీన్ తొక్కే బీబీలకి ఇది కొత్త కథేం కాదు.

ఈద్‌కి ముందు సోఫా గిలాఫ్ కుట్టించేవాళ్లకి ఒక మోటు లెక్క చెప్తాను. 54 అంగుళాల పన్నా గుడ్డయితే, దిండ్లతో కలిపి త్రీ సీటర్‌కి 14 నుంచి 16 గజాలు. 36 అంగుళాల పన్నా అయితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 21 నుంచి 24. పెద్ద పూల డిజైన్ అయితే పూలు కలవాలి కాబట్టి ఇంకా పైన. నూలుగుడ్డని కోయకముందే ఉతికి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే గిలాఫ్ బిగుసుకుంటుంది, నింద దర్జీ మీదికి పోతుంది. కాగితం మీద గుడ్డ, దారం, చైను, మగ్జీ, సిలాయి వేరువేరుగా రాయించుకోండి. కత్రన్ ఎవరికో కూడా అక్కడే రాసేయండి.