జాంబీ ఎవరికి పనికొచ్చింది? - హైతీ బానిసల చరిత్ర

దయ్యాల కథల మీద మన చదువుకున్నవాళ్లకి రెండే వైఖరులున్నాయి. ఒకటి, మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడం. రెండు, జానపద సంపద అని ముచ్చటపడి పుస్తకాలకెక్కించడం. ఆ దయ్యం ఎవరికి లాభం తెచ్చింది, ఎవరిని అదుపులో పెట్టింది అని అడిగినవాళ్లు తక్కువ. ఇట్లా అడగాల్సిన దయ్యాల్లో హైతీ జాంబీ ముందుంటుంది.

హైతీ ఒకప్పుడు సెయింట్ డొమింగ్ అనే ఫ్రెంచి వలస. 1789 నాటికి అక్కడ చెరకు, కాఫీ తోటల్లో దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికా బానిసలున్నారు. పుట్టేవాళ్ల కంటే చచ్చేవాళ్లే ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి ఏటా ఓడల్లో కొత్తవాళ్లని తెచ్చి దింపేవాళ్లు. చస్తే ప్రాణం సముద్రం దాటి పుట్టిన గడ్డకి, గినీకి, చేరుతుందని బానిసల నమ్మకం. అంటే చావు కూడా పారిపోవడానికి ఒక దారే. బానిసని ఆస్తిగా కొన్న యజమానికి అది నష్టం.

ఆ దారి కూడా మూసుకుపోయినవాడే జాంబీ. మంత్రగాడు సమాధిలోంచి లేపి పొలంలో దించిన కూలీ. వాడు మాట్లాడడు, తన పేరు తనకే తెలియదు, కూలి అడగడు. 1797లో మొరో ద సెయింట్ మెరీ అనే వలస రచయిత ఈ మాటకి దయ్యం అనే అర్థం మాత్రమే రాశాడు. పని చేసే శవం అన్న అర్థం ఆ తర్వాత స్థిరపడింది. ఆత్మహత్య చేసుకుంటే జాంబీ అయిపోతావన్న భయం తోటల మేస్త్రీలకి కొరడాలాగే పనికొచ్చిందని కొందరు పరిశోధకులు వాదిస్తారు.

అయినా భయం బానిసల్ని ఆపలేదు. 1791 ఆగస్టులో తిరగబడ్డారు, 1804 జనవరి 1న స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. ఫ్రాన్సు ఊరుకోలేదు. 1825లో యుద్ధనౌకలు పంపి, పోయిన ఆస్తికి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తిలో మనుషులూ ఉన్నారు! చచ్చిన బానిసత్వానికి బతికున్నవాళ్లు తరాల తరబడి వాయిదాలు కట్టారు.

1915లో అమెరికా సైన్యం దిగింది, 1934 దాకా కదల్లేదు. రోడ్లెయ్యడానికి రైతుల్ని బలవంతంగా పట్టుకుపోయింది. మన మాటల్లో వెట్టి. దానిమీద తిరగబడ్డ షార్లమాన్ పెరాల్త్‌ని 1919లో చంపేశారు. ఆ ఆక్రమణ కాలంలోనే, 1929లో, సీబ్రూక్ అనే అమెరికన్ రాసిన పుస్తకంతో జాంబీ అమెరికా పాఠకులకి పరిచయమైంది. అందులో జాంబీలు అమెరికన్ చక్కెర కంపెనీ తోటలోనే చెరకు కొడతారు. 1932లో హాలీవుడ్ 'వైట్ జాంబీ' తీసింది. చక్కెర మిల్లులో ఒక నల్ల జాంబీ యంత్రంలో పడిపోతాడు, మిగిలినవాళ్లు తలెత్తరు, మిల్లు ఆగదు. సినిమా జాలి మాత్రం జాంబీ అయిన తెల్ల పెళ్లికూతురి మీదే. వెట్టి చేయించినవాళ్లు కూలీ బాధని వినోదంగా అమ్ముకున్నారు.

సొంత పాలకులూ తక్కువ తినలేదు. 1957లో గద్దెనెక్కిన దువాలియే శ్మశాన దేవుడు బారన్ సామ్‌డీ వేషధారణని అనుకరించాడు. అతని ముఠాకి పిల్లల్ని గోతంలో వేసుకుపోయే బూచివాడి పేరు స్థిరపడింది - తోంతోం మకూత్.

మరి జనానికి జాంబీ దేనికి పనికొచ్చింది? కథలోనే ఒక మెలిక ఉంది. జాంబీకి ఉప్పు పెట్టకూడదు. ఉప్పు నాలుకకి తగిలితే తానెవరో గుర్తొస్తుంది, యజమానిని వదిలి పోతాడు. 1975లో, దువాలియే కొడుకు ఏలుబడిలో, ఫ్రాంకేతియెన్ క్రియోల్ భాషలో రాసిన 'దెజాఫీ' నవల ఈ ఉప్పునే తిరుగుబాటుగా మలిచింది.

మన దగ్గర ఉప్పుకి రెండు సామెతలున్నాయి. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదు అన్నది దొరకి పనికొచ్చే సామెత. జీతగాణ్ణి దొడ్డికి కట్టేసిన తాడు అది. ఉప్పూ కారం తింటున్నావా లేదా అని రోషం గుర్తుచేసేది రెండోది. హైతీ ఉప్పు ఈ రెండో ఉప్పు. ఈ చుట్టరికం నేను కల్పిస్తున్నది కాదు. ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వం రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు.

మన పల్లెల్లో పీనుగుని మొయ్యడం, కాటి కాపలా, చావు డప్పు మనకే అప్పగించారు. దయ్యం భయం వాళ్లది, దయ్యం దగ్గర పని మనది. బాణామతి, చేతబడి నెపంతో చంపబడినవాళ్లలో దళితులు, ఒంటరి ఆడవాళ్లు ఉన్నారు. కాబట్టి దయ్యాలు లేవు అని చెప్పొస్తే కార్యకర్త పని అయిపోదు. ఆ నెపం వేసినవాడికి ఏ భూమి దక్కింది, ఏ నోరు మూతపడింది అని కూడా తేల్చాలి. మన పెద్దవాళ్లు చెప్పే దయ్యాల కథల్ని ఈ కంటితో సేకరించాలి. ఎవరి చేను, ఎవరి చెరువు, ఎవరి చావు అన్న వివరాలతో సహా రాసుకోవాలి. భూమి రికార్డుల్లో మన పేర్లు లేని చోట కొన్నిసార్లు మిగిలేది ఆ కథే.