గూడెం గడప దాకా వచ్చిన పసిబిడ్డల సేవ

మన గూడేల చరిత్ర అనగానే అడవి, భూమి, పోరాటాలు గుర్తుకొస్తాయి. పసిబిడ్డను పెంచే తల్లిదండ్రులకు ఏ కాలంలో ఎవరు తోడుగా నిలిచారన్నది కూడా మన చరిత్రే. దాన్ని రాసిపెట్టుకున్నవాళ్లం తక్కువ.

మొదటి తోడు మంత్రసాని. కాన్పు చేసేది, బొడ్డు కోసేది, బాలింతకు పథ్యం చెప్పేది, బిడ్డకు నూనె రాసి కాళ్లూ చేతులూ సాగదీసేది ఆమే. తల్లి మాట్లాడే భాషే ఆమెదీ. ఏ వేళకు పిలిచినా వచ్చేది. అయితే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు, ఒళ్లంతా చీము పాకిన బిడ్డకు ఆమె దగ్గర మందు లేదు. పెద్దాసుపత్రి వాగులు దాటాక ఎక్కడో ఉండేది.

1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ పథకం మొదలుపెట్టింది. అంగన్‌వాడీ అలా వచ్చింది. పోషకాహారం, టీకాలు, తల్లులకు సలహాలు ఒకే చోట దొరకాలన్నది ఆలోచన. మంచిదే. కానీ లెక్క మనకు సరిపడలేదు. మైదానంలో 1000 మందికి, గిరిజన ప్రాంతంలో 700 మందికి ఒక కేంద్రం అన్నారు. ఇరవై ముప్పై ఇళ్ల గూడేలు ఎన్ని కలిస్తే 700 మంది అవుతారు? కేంద్రం ఒక గూడెంలో ఉంటే మిగతా గూడేల తల్లులు చంకన బిడ్డతో కొండ దిగాలి, వానాకాలం వాగు దాటాలి. కాగితం మీద సేవ ఉన్నా ఇంటికి అందేది కాదు.

ఈ లెక్క మారడానికి కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న, ప్రతి నివాస ప్రాంతానికీ అంగన్‌వాడీ ఉండాలని చెప్పింది. 2006 డిసెంబర్ 13న మరో ఆదేశం ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఊరివాళ్లు అడిగితే మూడు నెలల్లోపు పెట్టాలి, ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందుగా ఇవ్వాలి. ఆ తర్వాత గిరిజన ప్రాంతాల్లో 150 నుంచి 300 జనాభాకు మినీ అంగన్‌వాడీ పెట్టవచ్చని నియమం వచ్చింది.

ఇంతలో ప్రాణహిత అవతలి ఒడ్డున ఇంకో పాఠం తయారైంది. గడ్చిరోలి జిల్లా మనకు పరాయిది కాదు. గోండులు, మాడియాలు ఉన్న నేల, సిరోంచ వైపు తెలుగు వినిపించే నేల. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ‘సెర్చ్’ సంస్థ తరఫున 39 ఊళ్లలో ఒక ప్రయత్నం చేశారు. ఐదు నుంచి పది తరగతుల దాకా చదివిన ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను తూచేవారు, వెచ్చగా ఉంచడం, పాలు పట్టడం నేర్పేవారు, చీము సోకితే సూదిమందు కూడా ఇచ్చేవారు. 1993-95లో ఆ ఊళ్లలో ప్రతి 1000 మంది పుడితే 62 మంది మొదటి నెలలోనే చనిపోయేవారు. 1997-98కి ఆ సంఖ్య 25.5కు తగ్గింది. 1999లో ‘లాన్సెట్’ పత్రిక ఈ ఫలితాన్ని ప్రచురించింది. పెద్ద డాక్టరు చేయవలసిన పని అనుకున్నదాన్ని ఊరి ఆడవాళ్లు చేసి చూపించారు.

దేశం ఆ దారిని అందుకుంది. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2011 నుంచి వారు నవజాత శిశువుల ఇళ్లకు వెళ్లడం నియమమైంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. 2018లో 3, 6, 9, 12, 15 నెలల సందర్శనలు చేర్చారు. పాత మంత్రసాని గడప తొక్కినట్టే ఆశా గడప తొక్కుతోంది, చేతిలో తూకం, మందుల సంచి అదనం.

ఎదుగుదలలో తేడా ఉన్న బిడ్డల మాటేమిటి? 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం కనిపెట్టి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట నేర్పే నిపుణులు ఉండాల్సింది అక్కడే. కానీ కాళ్లు బిగుసుకున్న బిడ్డకు ఒక్కసారి చూపిస్తే చాలదు, నెలల తరబడి తిప్పాలి. రెక్కాడితే గాని డొక్కాడని తల్లిదండ్రులు ప్రతిసారీ కూలి మానుకొని జిల్లా కేంద్రానికి ఎలా వెళ్తారు? 1975లో 700 మంది లెక్క చేసిన పనే ఇప్పుడు దూరం చేస్తోంది.

ఇంకో ఖాళీ ఉంది. ఆశా సందర్శనల జాబితా 15 నెలలతో ముగుస్తుంది. అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లకు మొదలవుతుంది. మధ్య కాలంలో ఇంటికి పోషకాహారం వస్తుంది గానీ, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చెప్పే మనిషి అరుదు. బిడ్డ నడక, మాట నేర్చేది సరిగ్గా అప్పుడే. మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో ‘నవచేతన’ అనే మార్గదర్శకాన్ని విడుదల చేసింది. అది గూడెం భాషలో గూడెం చేరాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో బడి చదువు మొదలుపెట్టగలిగారు. తల్లిదండ్రులకిచ్చే సలహా ఆ భాషల్లో ఎందుకు ఇవ్వలేరు?

ఉపాధ్యాయులు, యువకులు ఇప్పుడే చేయగల పనులున్నాయి. మీ గూడెంలో ఆరేళ్లలోపు పిల్లలెందరో లెక్క రాయండి, కేంద్రం అడగడానికి అదే ఆధారం. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో ఉంటుంది, దాన్ని మన భాషలో చదివి వినిపించండి. నాలుగు నెలలకు మెడ నిలపని, చప్పుడుకు తిరగని, ఏడాదిన్నరకు నడవని బిడ్డ ఉంటే ‘తర్వాత వస్తుందిలే’ అని ఊరుకోవద్దు, ఆశాకు, ఏఎన్‌ఎంకు చెప్పండి. మిగిలిన మంత్రసానుల అనుభవాలు వారి నోటనే విని రాసుకోండి. ఈ చరిత్రలో సేవ గూడేనికి దగ్గరైన ప్రతిసారీ బిడ్డలు బతికారు. నిపుణుల సేవను కూడా అలాగే మన గడప దాకా అడిగి తెచ్చుకోవాలి.