జమైకా దృశ్యకళ: ఆరంభం, ప్రతిరూపం, ప్రజాతీర్పు

ఒక దేశపు కళాచరిత్రను ఏ సంవత్సరంతో ప్రారంభించాలన్న ప్రశ్నలో ఆ దేశంలో కళ అంటే ఏమిటి, కళాకారుడు ఎవరు అన్న ప్రశ్నలు కూడా ఇమిడి ఉంటాయి. కరీబియన్ ద్వీపదేశమైన జమైకా విషయంలో ఆ సంవత్సరం 1922 అన్న అభిప్రాయం చాలాకాలంగా స్థిరపడి ఉంది. శిల్పి ఎడ్నా మాన్లీ ఇంగ్లండ్ నుంచి జమైకాకు వచ్చిన సంవత్సరం అది. 1980లలో అమెరికాలో పర్యటించిన ఒక ముఖ్యమైన ప్రదర్శనకు 'జమైకన్ ఆర్ట్ 1922–1982' అన్న పేరే పెట్టారు. ఈ కాలవిభజనకు తగిన ఆధారాలు లేకపోలేదు. అయితే అది కళాకారుల ఆగమనాన్ని, సంస్థల స్థాపనను చూపినంత స్పష్టంగా ప్రజలకూ వారి ప్రతిరూపాలకూ మధ్య నడిచిన వివాదాన్ని చూపదు. ఆ వివాదమే జమైకా కళాచరిత్రకు అంతస్సూత్రమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1922కు పూర్వం

జమైకా తొలి శిల్పులు అక్కడి ఆదివాసులైన టైనోలు. 1792లో కార్పెంటర్స్ పర్వత ప్రాంతంలోని ఒక గుహలో వారి దారుశిల్పాలు లభించాయి. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని తిరిగి ఇవ్వాలని 2019లో జమైకా ప్రభుత్వం బహిరంగంగా కోరింది. ద్వీపంలో లభించిన ప్రాచీన శిల్పాలను చూడడానికి ద్వీపవాసులు సముద్రం దాటవలసి రావడం ఈ చరిత్రకు తొలి అధ్యాయం.

1655లో ఇంగ్లీషువారు స్పెయిన్ నుంచి ద్వీపాన్ని వశం చేసుకున్నారు. చెరకు తోటలు, వాటిలో చాకిరీ చేసే ఆఫ్రికన్ బానిసలు వలస ఆర్థిక వ్యవస్థకు ఆధారమయ్యారు. ఆ కాలపు కళకు పోషకులు తోటల యజమానులు, పాలకులు. 1770లలో విలియం బెక్‌ఫర్డ్ అనే యజమాని వెంట వచ్చిన చిత్రకారుడు జార్జ్ రాబర్ట్‌సన్ ద్వీప ప్రకృతిని రమణీయ దృశ్యాలుగా చిత్రించాడు. ఆ రమణీయతలో కొరడాకు చోటు లేదు. స్పానిష్ టౌన్‌లో నౌకాధిపతి రాడ్నీకి కట్టిన స్మారకంలోని విగ్రహాన్ని లండన్ శిల్పి జాన్ బేకన్ రోమన్ వేషంలో మలిచాడు.

ఈ పరంపరలో భిన్నంగా కనిపించేది ఐజాక్ మెండెస్ బెలిసారియో కృషి. కింగ్‌స్టన్‌లో యూదు కుటుంబంలో పుట్టిన ఇతని మాతామహుడు అలెగ్జాండర్ లిండో బానిసల వ్యాపారి. 1837–38లో బెలిసారియో 'స్కెచెస్ ఆఫ్ క్యారెక్టర్' పేరిట శిలాముద్రణ చిత్రాలను ప్రచురించాడు. 1834లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినా, అప్రెంటిస్‌షిప్ పేరుతో నిర్బంధ శ్రమ 1838 ఆగస్టు 1 వరకూ కొనసాగింది. అంటే ఈ చిత్రాలు విముక్తి వాకిట నిలిచిన ప్రజల చిత్రాలు. వీటిలో వీథి వర్తకులు, పనివారు ఉన్నారు. వారికంటే ప్రసిద్ధమైనవి క్రిస్మస్ సెలవుల్లో ఆడే జాన్‌కొనూ వేషాలు: ఈకల కిరీటంతో, తెల్లని ముఖకవచంతో కనిపించే 'యాక్టర్ బాయ్', తలపై బొమ్మ ఇంటిని మోసే 'జాన్ కానూ', ఒకే రంగు దుస్తుల్లో నడిచే 'సెట్ గర్ల్స్'.

ఈ చిత్రాలను చదివే తీరు ఇక్కడ ముఖ్యం. వీటిలో రెండు అంచెల కళ ఉంది. మొదటిది బెలిసారియో గీసిన చిత్రం. దాని కర్త పేరు తెలుసు. రెండవది ఆ చిత్రంలోని కిరీటం, ముఖకవచం, బొమ్మ ఇల్లు. వాటిని కూర్చిన చేతుల పేర్లు చరిత్రకు ఎక్కలేదు. ఆఫ్రికన్ ముఖకవచ సంప్రదాయాన్ని యజమానుల వేషభాషల అనుకరణతో కలిపి, నవ్వుతూనే వారిని ఎత్తిపొడిచిన ఆ వేషం స్వయంగా ఒక దృశ్యకళ. 1922ను ఆరంభంగా గ్రహిస్తే ఈ రెండవ అంచె కళ కేవలం జానపద సామగ్రిగా మిగిలిపోతుంది.

మేల్కొలుపు దశ

ఎడ్నా మాన్లీ ఇంగ్లీషు మతబోధకుడికి, జమైకన్ తల్లికి 1900లో ఇంగ్లండ్‌లో జన్మించింది. భర్త నార్మన్ మాన్లీతో జమైకా చేరిన ఏడాదే ఆమె 'బీడ్‌సెల్లర్' అనే చిన్న శిల్పాన్ని రూపొందించింది. పూసలమ్మే స్త్రీ దాని వస్తువు. వీథి వర్తకులు బెలిసారియోకూ వస్తువులే. అయితే అతని చిత్రాల్లో వేషధారణకు దక్కిన ప్రాధాన్యం ఈమె శిల్పంలో దేహ నిర్మాణానికి దక్కింది.

1935లో ఆమె చెక్కిన 'నీగ్రో అరౌజ్డ్' అనే దారుశిల్పం ఒక నల్లజాతి మనిషి తల పైకెత్తి ఆకాశం వైపు చూస్తున్న భంగిమను చూపుతుంది. 1937లో దానిని ప్రజల చందాలతో కొని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జమైకాకు అప్పగించారు. మరుసటి సంవత్సరమే చెరకు తోటల కార్మికులు, కింగ్‌స్టన్ రేవు కార్మికులు తిరగబడ్డారు. శిల్పం ఆ తిరుగుబాటును ముందే పలికిందని తరువాతి కాలం భావించింది. అయితే ఆ మేల్కొలుపుకు నేల ముందే సిద్ధమైంది. మార్కస్ గార్వీ ప్రచారం చేసిన నల్లజాతి ఆత్మగౌరవ భావన, 1930లలో పుట్టిన రాస్తఫారి ఉద్యమం, గ్రామాల్లోని రివైవల్ ఆరాధన ఇందుకు దోహదం చేశాయి. శిల్పి ఆ గాలిని పీల్చింది. ఆ గాలిని పుట్టించినవారు వేరు.

1939లో ఒక బృందం ఇన్‌స్టిట్యూట్ సర్వసభ్య సమావేశంలోకి ప్రవేశించి సంస్కరణలు కోరింది. గోడలపై ఉన్న గవర్నర్ల చిత్తరువులను దింపి, వాటి స్థానంలో జమైకన్ల చిత్రాలను ఉంచాలని వారిలో ఒక న్యాయవాది డిమాండ్ చేసినట్లు కళాచరిత్రకారులు నమోదు చేశారు. తరువాత అక్కడే చిత్రకళా తరగతులు మొదలయ్యాయి. 1943లో ఎడ్నా మాన్లీ సంపాదకత్వంలో 'ఫోకస్' అనే సాహిత్య సంకలనం వెలువడింది. 1950లో జమైకా స్కూల్ ఆఫ్ ఆర్ట్ ఏర్పడింది. అదే కాలంలో లూయీస్ బెన్నెట్ వాడుక క్రియోల్ భాషలో కవిత్వం చెప్పి, గ్రామ్య భాషగా చులకనైన నుడికి గౌరవం తెచ్చింది. గోడపై ఎవరి బొమ్మ ఉండాలన్న ప్రశ్న, పద్యంలో ఎవరి భాష ఉండాలన్న ప్రశ్న ఒకే కాలంలో తలెత్తడం యాదృచ్ఛికం కాదు.

సహజ కళాకారులు

పాఠశాలల వెలుపల వికసించిన కళ ఈ చరిత్రలోని రెండవ పాయ. జాన్ డంక్లీ (1891–1947) కింగ్‌స్టన్‌లోని ప్రిన్సెస్ వీథిలో మంగలి దుకాణం నడిపాడు. దుకాణాన్నే పూలతో, తీగలతో చిత్రించి అలంకరించాడు. అతని కాన్వాసుల్లోని చీకటి కమ్మిన దారులు, మొండి చెట్లు, చిన్న ప్రాణులు పర్యాటకులకు చూపే వెలుగుల ద్వీపానికి పూర్తి భిన్నమైనవి. కాపోగా ప్రసిద్ధుడైన మల్లికా రేనాల్డ్స్ (1911–1989) రివైవల్ శాఖకు చెందిన మతాచార్యుడు. అతని చిత్రాలు, దారుశిల్పాలు ఆరాధనలోని ఆవేశానుభవం నుంచి పుట్టాయి.

నేషనల్ గ్యాలరీ ఆఫ్ జమైకా 1974లో ఏర్పడింది. దాని నిర్వాహకుడు, స్వయంగా చిత్రకారుడు అయిన డేవిడ్ బాక్సర్ 1979లో 'ది ఇంట్యూటివ్ ఐ' అనే ప్రదర్శనను ఏర్పాటు చేశాడు. ఆదిమ, అమాయక కళ అన్న చిన్నచూపు పేర్లకు బదులు 'ఇంట్యూటివ్' అన్న పదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఈ పదానికి తెలుగులో 'సహజ కళాకారుడు' అన్నది సమీపార్థకం. గురుశిక్షణ లేకుండా అబ్బిన విద్యకు 'సహజ పాండిత్యం' అన్న పేరు పోతన సందర్భంలో తెలుగు పాఠకులకు సుపరిచితం. అయితే తెలుగు సంప్రదాయంలో ఆ విశేషణం కవిని ఇతర కవుల వరుసలోనే నిలిపింది. జమైకాలో అది గౌరవాన్ని ఇచ్చింది, వేరుగదిని కూడా ఇచ్చింది. 1964లో బారింగ్టన్ వాట్సన్, యూజీన్ హైడ్, కార్ల్ పార్బూసింగ్ తమ సంఘాన్ని స్థాపించినప్పుడు విదేశాల్లో శిక్షణ పొందిన వృత్తి కళాకారుడే ఆదర్శం. పదిహేనేళ్లలో శిక్షణ లేకపోవడమే ప్రామాణికతకు గుర్తుగా మారడం గమనార్హం. రెండు సందర్భాల్లోనూ కొలమానం శిక్షణే.

కూడలిలోని విగ్రహాలు

గ్యాలరీలో నిశ్శబ్దంగా ఉన్న ఈ విభేదం వీథిలోని విగ్రహాల విషయంలో బిగ్గరగా వినిపించింది. 1865లో మొరాంట్ బే తిరుగుబాటుకు నాయకత్వం వహించిన పాల్ బోగల్‌ను పాలకులు ఉరితీశారు. ఆ అణచివేతలో నాలుగు వందల మందికి పైగా మరణించారు. శతజయంతి సందర్భంగా 1965లో ఎడ్నా మాన్లీ అతని విగ్రహాన్ని రూపొందించింది. నిలువుగా పట్టిన కత్తితో శిలువను స్ఫురింపజేసే ఆ రూపం తమ బోగల్‌ది కాదని స్థానికులు ఆక్షేపించారు. బోగల్‌దిగా చెలామణిలో ఉన్న ఛాయాచిత్రం ప్రామాణికతపై సందేహాలున్నాయి. అందువల్ల వివాదం పోలికల చుట్టూ తిరిగినా, దాని మూలం అతని స్మృతిపై హక్కు ఎవరిదన్న ప్రశ్నలో ఉంది.

1983లో క్రిస్టఫర్ గొంజాలెజ్ రూపొందించిన బాబ్ మార్లీ విగ్రహంలో దిగువ దేహం చెట్టు మొదలుగా మారుతుంది. కవితాత్మకమైన ఆ భావన అభిమానులకు రుచించలేదు. నిరసన తీవ్రం కావడంతో విగ్రహాన్ని గ్యాలరీకి తరలించి, ఆల్విన్ మారియట్ చేసిన వాస్తవిక రూపాన్ని బహిరంగ స్థలంలో నిలిపారు. 2003లో కింగ్‌స్టన్‌లోని ఎమాన్సిపేషన్ పార్క్‌లో లారా ఫేసీ శిల్పం 'రిడెంప్షన్ సాంగ్' ఆవిష్కృతమైంది. నగ్నంగా, తలలు పైకెత్తి నిలిచిన స్త్రీపురుషుల కంచు రూపాలు అవి. నగ్నత్వంపై మొదలైన విమర్శ, విముక్తులైనవారిని ఇంత నిశ్చలంగా చూపవచ్చునా అన్న ప్రశ్న వరకూ సాగింది. విగ్రహాలు మాత్రం అక్కడే నిలిచాయి.

ఉపసంహారం

1935 నాటి శిల్పంలోనూ 2003 నాటి శిల్పంలోనూ తల పైకెత్తిన భంగిమ ఒకటే. మొదటిదానిని ప్రజలు చందాలు వేసి కొన్నారు, రెండవదానిని తప్పుపట్టారు. వలస పాలనలో ఆకాశం వైపు చూసిన చూపు రాబోయే దానికి వాగ్దానం. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగు దశాబ్దాల తరువాత అదే చూపు, వచ్చినదేమిటన్న ప్రశ్నను రేపింది. ఈ మార్పును కళాకారుల జీవితచరిత్రలు గానీ శైలీ పరిణామం గానీ వివరించలేవు. అందుకు చందా ఇచ్చినవారు, చిత్తరువులు దింపమన్నవారు, విగ్రహం తమ నాయకుడిది కాదన్నవారు కూడా చరిత్రలో పాత్రధారులు కావాలి. వారిని లెక్కలోకి తీసుకున్నప్పుడు జమైకా కళాచరిత్ర 1922 కంటే వెనక్కి, క్రిస్మస్ వీథిలో యజమాని ముందే యజమాని వేషం కట్టి ఆడిన బానిసల వరకూ వెళ్తుంది. తమను ఎలా చూపాలో తామే నిర్ణయించుకునే హక్కును అక్కడి ప్రజలు తొలిసారి చాటినది ఆ వీథిలోనే.