వసూలు ఏజెంట్ల ఫోన్లు... రుణగ్రహీతల హక్కులు

అప్పు ఎవరిదో తేలితేనే ఫిర్యాదు ఎక్కడ చేయాలో తెలుస్తుంది

కరీంనగర్/ఆదిలాబాద్: సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు, గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడు, జైనథ్‌లో పత్తి రైతు, కొడుకును గల్ఫ్‌కు పంపేందుకు అప్పు చేసిన జగిత్యాల తల్లి... ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అప్పుతో ముడిపడని బతుకులు అరుదు. వాయిదా ఒకటి రెండు సార్లు తప్పగానే వసూలు ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. తొలుత మర్యాదగా, తర్వాత గద్దింపుగా, చివరకు బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఫోన్లు చేసి పరువు తీసే వరకూ ఇవి వెళుతుంటాయి.

తీసుకున్న అప్పు చెల్లించవలసిన బాధ్యత రుణగ్రహీతపై ఉంది. దానిని ఏ పద్ధతిలో వసూలు చేయాలో నిర్దేశించే నిబంధనలు రుణదాతపైనా ఉన్నాయి. అయితే అవి అన్ని అప్పులకూ ఒకేలా లేవు. బ్యాంకుకు ఒక నిబంధన, సూక్ష్మరుణ సంస్థకు మరొకటి, గిరిగిరి వ్యాపారికి ఇంకొకటి వర్తిస్తాయి. కనుక ఫోన్ రాగానే మొదట తేల్చుకోవలసిన విషయం, మాట్లాడుతున్న వ్యక్తి ఎవరి తరఫున వచ్చాడన్నదే.

ముందుగా అడగవలసినవి

ఫోన్ చేసిన వ్యక్తి పేరు, ఏజెన్సీ పేరు, ఏ బ్యాంకు లేదా సంస్థ తరఫున మాట్లాడుతున్నాడు, రుణ ఖాతా సంఖ్య ఎంత, అసలు ఎంత, వడ్డీ ఎంత అన్న వివరాలు అడిగి కాగితంపై రాసుకోవాలి. తేదీ, సమయం, ఫోన్ నంబరు కూడా నమోదు చేసుకోవాలి. వీలైతే సంభాషణను రికార్డు చేయాలి. ఈ వివరాలు చెప్పడానికి నిరాకరించిన వారితో బాకీ గురించి మాట్లాడవలసిన అవసరం లేదు. నేరుగా శాఖకు వెళ్లి ఆ ఏజెన్సీకి వసూలు బాధ్యత అప్పగించారా లేదా అన్నది విచారించుకోవచ్చు. ఏజెంటు పంపిన లింకులు తెరవడం, ఓటీపీ చెప్పడం, అతని సొంత నంబరుకు డబ్బు పంపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. చెల్లింపు ఏదైనా రుణ ఖాతాలోనే జమ కావాలి, రసీదు తీసుకోవాలి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు

రుణదాతలు పాటించవలసిన న్యాయమైన పద్ధతుల నియమావళిని రిజర్వు బ్యాంకు 2003 మే 5న జారీ చేసింది. కండబలంతో వసూళ్లు చేయించడాన్ని 2007లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అనంతరం 2008 ఏప్రిల్ 24న వసూలు ఏజెంట్లపై రిజర్వు బ్యాంకు ప్రత్యేక ఆదేశాలిచ్చింది. వాటి ప్రకారం ఏ ఏజెన్సీకి బాకీ అప్పగించారో రుణగ్రహీతకు బ్యాంకు ముందుగా తెలియజేయాలి. ఇంటికి వచ్చే ఏజెంటు వద్ద గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. బాకీపై ఖాతాదారు ఫిర్యాదు పెండింగులో ఉండగా దానిని ఏజెన్సీకి అప్పగించరాదన్నది కూడా ఆ ఆదేశాల సారాంశమే.

వీటికి కొనసాగింపుగా 2022 ఆగస్టు 12న వెలువడిన ఆదేశాల్లో ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత వసూలు ఫోన్లు చేయరాదని స్పష్టం చేశారు. దూషణ, బెదిరింపు, అదే పనిగా ఫోన్లు చేయడం, పేరు చెప్పకుండా బెదిరించడం, నలుగురిలో అవమానించడం, కుటుంబ సభ్యులను, స్నేహితులను వేధించడం, సామాజిక మాధ్యమాల్లో అనుచిత సందేశాలు పంపడం నిషిద్ధం. ఏజెంటు చేసిన తప్పునకు అతనిని నియమించిన సంస్థే బాధ్యత వహించాలి. 'అది ఏజెన్సీ వ్యవహారం, మాకు సంబంధం లేదు' అని శాఖ అధికారులు తప్పుకొనే వీలు లేదు.

ట్రాక్టరు, ఆటో వంటి వాహన రుణాల్లో స్వాధీనానికి సంబంధించిన షరతు ఒప్పందంలో ఉండాలి. నోటీసు వ్యవధి, స్వాధీనపరచుకునే విధానం, అమ్మకానికి ముందు చెల్లించేందుకు ఇచ్చే చివరి అవకాశం కూడా అందులో పేర్కొనాలి. అందుకే రుణ ఒప్పందం ప్రతిని భద్రపరచుకోవడం అవసరం.

సూక్ష్మరుణాలకు సాయంత్రం ఆరే గడువు

గ్రామాల్లో మహిళలకు గ్రూపుల వారీగా ఇచ్చే సూక్ష్మరుణాలకు నిబంధనలు మరింత కఠినంగా ఉన్నాయి. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు ఏ తాకట్టూ లేకుండా ఇచ్చే రుణాలు ఈ కోవలోకి వస్తాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత ఫోన్ చేయరాదు. వసూలు ఇరుపక్షాలు అంగీకరించిన చోటే జరగాలి. వరుసగా రెండు లేదా అంతకు మించిన సార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికో, పని చేసే చోటికో వెళ్లవచ్చు. బాకీదారుల పేర్లు బహిరంగంగా ప్రకటించరాదు. కుటుంబం నెలనెలా కట్టే వాయిదాలన్నీ కలిపి నెలసరి ఆదాయంలో సగానికి మించకుండా చూసుకుని రుణం ఇవ్వవలసిన బాధ్యత కూడా సంస్థదే.

ఈ విషయంలో పల్లెల్లో ఒక అపోహ ఉంది. వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల నియంత్రణకు ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసింది. దాంతో ఈ సంస్థలకు అప్పు కట్టనవసరం లేదన్న ప్రచారం సాగింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కనుక అప్పు చెల్లదన్న మాట నమ్మి వాయిదాలు ఆపితే నష్టపోయేది రుణగ్రహీతే. వేధింపులపై ఫిర్యాదు చేయదలచిన వారు రిజర్వు బ్యాంకు నిబంధనలనే ఆధారంగా చూపాలి.

లోన్ యాప్‌లు

2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులు తాళలేక రాష్ట్రంలో పలువురు ప్రాణాలు తీసుకున్నారు. రామగుండంలో పనిచేస్తున్న యువకుడొకరు వారిలో ఉన్నారు. పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి విదేశీయులతో సహా పలువురిని అరెస్టు చేశారు. అదే నెల 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది, 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు జారీ చేసింది.

వాటి ప్రకారం యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు తీసుకోరాదు. సొమ్ము నేరుగా రుణగ్రహీత బ్యాంకు ఖాతాలోనే పడాలి. అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు ముందే చెప్పాలి. ఆ పేరు లేని యాప్‌ను అనుమానించవలసిందే. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తే అది వసూలు కాదు, నేరం. డబ్బు కడితే బెదిరింపులు ఆగుతాయన్న హామీ లేదు. స్క్రీన్‌షాట్లు భద్రపరచి వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బంధుమిత్రులకు ముందుగానే విషయం చెప్పుకుంటే బెదిరింపు పదును సగం తగ్గుతుంది.

గిరిగిరి, ప్రైవేటు ఫైనాన్స్

పది వేలకు నోటు రాయించుకొని తొమ్మిది వేలే చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, పైకి వెయ్యి రూపాయల మిత్తిగానే కనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ వస్తుంది గనుక ఏడాది లెక్కన అది 75 శాతానికి పైమాటే. వీరు రిజర్వు బ్యాంకు పరిధిలోకి రారు. తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం, 1349 ఫసలీ ప్రకారం వడ్డీ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేనివారిపై పోలీసులకు, తహసీల్దారుకు, సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణిలో ఫిర్యాదు చేయవచ్చు. 2015లో కరీంనగర్‌లో ఒక ఏఎస్సైపైనే అక్రమ ఫైనాన్స్ వ్యాపారం ఆరోపణలు వచ్చి కేసు సీఐడీ వరకు వెళ్లింది. అప్పు ఇచ్చినవారి పలుకుబడి చూసి వెనుకంజ వేయనవసరం లేదు.

బొగ్గుగని ప్రాంతాల్లో కార్మికుల ఏటీఎం కార్డులు తమ వద్దే ఉంచుకుని జీతం పడగానే డ్రా చేసుకునే పద్ధతి ఉంది. అటువంటి కార్డును బ్యాంకులో నిలిపివేయించి కొత్తది తీసుకునే హక్కు ఖాతాదారుకు ఉంది. ఖాళీ ప్రామిసరీ నోటుపై, ఖాళీ చెక్కుపై సంతకం చేయరాదు. నోటుపై దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు లోపల కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక సంతకం చేస్తే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు.

ఉట్నూరు వంటి ఏజెన్సీ మండలాల్లో వడ్డీ వ్యాపారులను నియంత్రించేందుకు 1960 నాటి షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ ప్రత్యేకంగా ఉంది. గిరిజనులు వేధింపులకు గురైతే ఉట్నూరు ఐటీడీఏ అధికారుల దృష్టికి తీసుకెళ్లవచ్చు.

జైలు బెదిరింపుల్లో నిజమెంత?

అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. అది సివిల్ వివాదం. బాకీ వసూలు పోలీసుల పని కాదు. కోర్టు డిక్రీ ఇచ్చిన తర్వాత కూడా, చెల్లించే స్తోమత ఉండి దురుద్దేశంతో ఎగవేస్తున్నట్లు తేలితేనే సివిల్ జైలు ప్రశ్న వస్తుంది. డబ్బు డిక్రీ అమలులో మహిళలను అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతున్నది.

చెక్కు బౌన్సు విషయం వేరు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లిస్తే కేసు ఉండదు. కనుక లాయరు నోటీసును, కోర్టు సమన్లను తీసుకోకుండా తిప్పి పంపడం పొరపాటు. హాజరు కాకపోతే ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన 'అరెస్టు వారంటు'ను మాత్రం సంబంధిత కోర్టులో విచారించకుండా నమ్మరాదు.

డిక్రీ వచ్చినా అన్నీ జప్తు చేయడం కుదరదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తిదారు పనిముట్లు, రైతు వ్యవసాయ పరికరాలు, జీవనాధారమైన పశువులు, విత్తన ధాన్యం, రైతు నివసించే ఇల్లు వంటివాటికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్షణ ఇస్తున్నది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునేందుకు బ్యాంకులకు వీలు కల్పించిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూములకు వర్తించదు. ఇతర ఆస్తులకైనా 60 రోజుల నోటీసు ఇవ్వాలి.

జమానతు సంతకం చేసినవారికి బాకీలో బాధ్యత ఉంటుంది. సంతకం చేయని బంధువులకు ఉండదు. రుణగ్రహీత మరణిస్తే వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు.

ఫిర్యాదు చేసే విధానం

మొదట రుణం ఇచ్చిన సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఖాతా సంఖ్య, ఫోన్లు వచ్చిన తేదీలు, సమయాలు, నంబర్లు, మాట్లాడిన మాటలు అందులో ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు రుసుము లేదు, లాయరు అవసరం లేదు. ప్రాణహాని బెదిరింపులు, మహిళలను దూషించడం, ఇంట్లోకి చొరబడటం వంటివి జరిగితే ఈ 30 రోజుల కోసం ఎదురుచూడకుండా పోలీసులకు ఫిర్యాదు చేయాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నేరపూరిత బెదిరింపు 351వ సెక్షన్ కిందికి, బలవంతపు వసూలు 308వ సెక్షన్ కిందికి వస్తాయి.

రాజీ కుదిరితే...

నిజంగా కట్టలేని పరిస్థితి ఉంటే కారణం, నెలకు ఎంత కట్టగలరన్నది తెలుపుతూ సంస్థకు లేఖ ఇవ్వడం మేలు. ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం వల్ల బాకీ తగ్గదు. ఒకేసారి కట్టి ముగించే రాజీకి సంస్థ అంగీకరిస్తే మొత్తం, గడువు లేఖ రూపంలో తీసుకున్న తర్వాతే చెల్లించాలి. చెల్లించాక బాకీ లేదన్న ధ్రువపత్రం అడగాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.

లోక్ అదాలత్‌లోనూ రాజీ పడవచ్చు. అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు గనుక కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోవాలి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తాయి.

అవసరమైన నంబర్లు

రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సమాచారం: 14448
సైబర్ నేరాలు: 1930
పోలీసు అత్యవసర సేవ: 112
ఉచిత న్యాయ సహాయం: 15100
మానసిక వేదనలో ఉన్నవారికి టెలీ మానస్: 14416