ఓడ రెక్కలను కొరికిన బుడగ

నగల దుకాణం, కళ్లద్దాల షాపు, పళ్ల డాక్టరు గది, కార్బురేటర్లు బాగుచేసే గ్యారేజీ... ఎక్కడ చూసినా ఇప్పుడు చిన్న స్టీలు తొట్టె ఒకటి కనిపిస్తోంది. స్విచ్ వేయగానే సన్నగా రొద మొదలవుతుంది. బ్రష్షు దూరని సందుల్లోంచి మురికి పొగలా బయటికొస్తుంది. ఈ అల్ట్రాసోనిక్ క్లీనర్‌ను ఎవరో ఒక్కరు కూర్చుని కనిపెట్టలేదు. దీని కథ ఒక యుద్ధనౌకకు వచ్చిన చిక్కుతో మొదలైంది.

బ్రిటిష్ నౌకాదళం కోసం కట్టిన డేరింగ్ అనే డిస్ట్రాయర్ 1894 నాటి పరీక్షల్లో అనుకున్న వేగం అందుకోలేకపోయింది. నిర్మాతలు థార్నిక్రాఫ్ట్, బార్నబీ కారణం పట్టుకున్నారు. ప్రొపెల్లర్ మరీ జోరుగా తిరిగితే రెక్కల వెనుక పీడనం పడిపోయి, నీరు తెగి, బుడగలు పుడతాయి. రెక్కల వైశాల్యం పెంచాక ఓడ వేగం పుంజుకుంది. బుడగలు పుట్టే ఈ తీరుకు కావిటేషన్ అని పేరు వచ్చింది. ఆ తర్వాత వచ్చిన వేగవంతమైన ఓడల్లో ప్రొపెల్లర్ రెక్కలు గుంటలుపడి తినేసినట్టు కనిపించసాగాయి. బుడగ కూలిపోయేటప్పుడు ఆ కాస్త చోట పీడనం మామూలు వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటగలదని 1917లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కకట్టి చూపాడు.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ జర్మన్ జలాంతర్గాములను శబ్దంతో పసిగట్టే ప్రయత్నంలో ఉన్నాడు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే అవి కదులుతాయని మరుసటి ఏడాది రుజువు చేశారు. లాంజెవాన్ అలాంటి స్ఫటికమైన క్వార్ట్జ్ పలకలను ఉక్కు పలకల మధ్య బిగించి, చెవికి వినబడనంత హెచ్చు పౌనఃపున్యపు తరంగాలను, అంటే అతిధ్వనిని, నీటిలోకి పంపాడు. వాటి దారిలో పడిన చేపలు చచ్చిపోవడం గమనించాడు. 1927లో అమెరికాలో వుడ్, లూమిస్ అనే శాస్త్రవేత్తలు ఈ తరంగాలు నూనెను నీటిలో కలిపేస్తాయని, ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయని ప్రకటించారు. క్వార్ట్జ్‌కు వేల వోల్టులు కావాలి. 1940లలో బేరియం టైటనేట్, 1950లలో లెడ్ జిర్కొనేట్ టైటనేట్ పింగాణీలు వచ్చి ఆ అవసరాన్ని తగ్గించాక, ఈ తొట్టెలు ప్రయోగశాల దాటి మార్కెట్లోకి వచ్చాయి.

తొట్టె అడుగున అతికించిన అలాంటి పింగాణీ బిళ్లలు సాధారణంగా సెకనుకు 40 వేల సార్లు కంపిస్తాయి. ఆ కంపనాలకు నీరు సాగినప్పుడు, ఓడ రెక్కల వెనుక లాగే, బుడగ పుడుతుంది, నొక్కుకున్నప్పుడు కూలుతుంది. కూలే బుడగలోంచి సన్నని నీటిధార వస్తువు మీదికి దూసుకెళ్లి మురికిని ఊడదీస్తుంది.

కొనేటప్పుడు, వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవన్నీ ఈ బుడగ స్వభావం నుంచే వస్తాయి. 25 కిలోహెర్ట్జ్ దగ్గర బుడగలు పెద్దవి, దెబ్బ గట్టిది. ఇంజను భాగాలకు అది నప్పుతుంది. నగలకు, కళ్లద్దాలకు, గడియారపు విడిభాగాలకు 40 మంచిది. చౌకగా దొరికే కొన్ని పెట్టెల్లో మోటారు ఊపు తప్ప అతిధ్వని ఉండదు. పలుచని అల్యూమినియం ఫాయిల్‌ను తొట్టెలో కాసేపు నిలువుగా పట్టుకుంటే నిజం తెలుస్తుంది: అంతటా చిన్న చిన్న నొక్కులు, చిల్లులు పడాలి.

కొత్తగా పోసిన నీటిని కొన్ని నిమిషాలు ఖాళీగా నడిపి, కరిగిన గాలిని వదిలించాలి. కొంచెం డిటర్జెంట్ కలిపి, 50-60 డిగ్రీల వేడి ఉంచాలి. మరిగే నీటిలో ఆవిరి బుడగను నింపి దెబ్బను మెత్తబరుస్తుంది. వస్తువును అడుగున పెట్టకుండా బుట్టలో వేలాడదీయాలి. పెట్రోలు, స్పిరిట్ పోస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. నడుస్తున్న తొట్టెలో చేయి పెట్టకూడదు.

మురికికీ వస్తువుకీ తేడా బుడగకు తెలియదు. ముత్యం, పగడం, ఒపల్ దీని దెబ్బకు పాడవుతాయి. పచ్చరాయి పగుళ్లలో నింపిన నూనె బయటికొచ్చేస్తుంది. కుందన్ నగల్లో రాళ్లను పట్టి ఉంచే లక్క వదులవుతుంది. ముత్యం, పగడం, పచ్చ మూడూ ఉండే నవరత్నాల ఉంగరాన్ని, హైదరాబాద్ ముత్యాల హారాన్ని ఇందులో వేయనే వేయకూడదు. వాటికి తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలు. నగను కడగడానికి ఇచ్చేముందు, దాన్లోని రాళ్లకు నూనె గాని, గాజు గాని, లక్క గాని వాడారేమో కంసాలిని తప్పక అడగాలి.