విమానానికి ఇద్దరు పైలట్లు ఎందుకు?

గల్ఫ్‌కు వెళ్ళే కొడుకునో, తమ్ముణ్ణో సాగనంపడానికి విమానాశ్రయం దాకా వెళ్ళని కుటుంబం మనలో అరుదు. "క్షేమంగా చేరాను" అని ఫోను వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ మనసు కుదుట పడదు. ఆ విమానాన్ని నడిపేవారు ఇద్దరని అందరికీ తెలుసు. ఎందుకు ఇద్దరని అడిగితే, "ఒకరికి ఒంట్లో బాగులేకపోతే రెండోవారు నడపడానికి గదా!" అంటారు. ఇది నిజమే గాని సగమే నిజం. మిగతా సగాన్ని లోకం చాలా ప్రాణాలు పోగొట్టుకున్న మీదట తెలుసుకుంది. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాము.

మొదట్లో పైలట్ ఒక్కడే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా టపా సంచులతో కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి వచ్చినప్పుడు ఆ చిన్న విమానంలో ఉన్నది ఆయన ఒక్కరే. అక్కడి నుండి బళ్ళారి మీదుగా మద్రాసుకు ఆ టపాను చేర్చింది నెవిల్ విన్సెంట్.

విమానాలు పెద్దవై సముద్రాలు దాటసాగిన కొద్దీ పని పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత దూరప్రయాణపు విమానాలలో ముందు గదిలో ఐదుగురు దాకా ఉండేవారు: కెప్టెన్, కో-పైలట్, దారి లెక్కగట్టే నావిగేటరు, రేడియో ఆపరేటరు, ఇంజన్లను కనిపెట్టి చూచే ఫ్లైట్ ఇంజనీరు. తరువాత యంత్రాలు ఒక్కొక్కరి పనినే తీసుకున్నాయి. రేడియోలు బాగుపడి ఆపరేటరు దిగిపోయాడు. దారి తామే లెక్కగట్టే పరికరాలు వచ్చి నావిగేటరు దిగిపోయాడు. ఫ్లైట్ ఇంజనీరు దగ్గర మాత్రం అమెరికాలో పెద్ద తగవే నడిచింది. మూడోమనిషి ఉండి తీరాలని పైలట్ల యూనియను పట్టుబట్టింది. కొత్త విమానాలకు ఇద్దరు చాలునని 1981లో అధ్యక్షుడు నియమించిన సంఘం తేల్చింది. ఆ విధంగా ఐదుగురు ఇద్దరయ్యారు. ఆ ఇద్దరు మాత్రం ఒక్కరు కాలేదు.

ముందు, అందరికీ తెలిసిన కారణం చూద్దాం. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుండి స్పెయిన్‌కు పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, 17 వేల అడుగుల ఎత్తున, కెప్టెన్ ముందరి అద్దం ఊడిపోయింది. బిగించిన బోల్టులలో చాలామట్టుకు సరైన సైజువి కావు. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. లోపలి సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వదలలేదు. హోరుగాలిలో కో-పైలట్ ఒక్కడే విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. మొత్తం 87 మందీ బ్రతికారు, కెప్టెన్ కూడా బ్రతికాడు.

ఇక రెండో సగం. కెప్టెన్ ఆరోగ్యంగా, మెలకువగా ఉండి పొరబాటు చేస్తే?

1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో పొగమంచు కమ్మి ఉంది. ఒకే రన్‌వే మీద రెండు జంబో జెట్లు. డచ్చి విమానపు కెప్టెన్ తమ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దమనిషి. అనుమతి రాకముందే ఆయన విమానాన్ని పరుగెత్తించాడు. రెండో విమానం రన్‌వే నుండి తొలగలేదేమోనని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. తొలగిందని కెప్టెన్ గట్టిగా చెప్పేసరికి ఊరుకున్నాడు. 583 మంది మరణించారు. మరుసటి ఏడు డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లండ్ దగ్గర ఒక కెప్టెన్ చక్రాల లోపం గురించి ఆలోచిస్తూ గంటసేపు ఆకాశంలో తిరిగాడు. ఇంధనం తగ్గుతోందని తక్కినవారు సూచించారే గాని గట్టిగా చెప్పలేకపోయారు. ఇంధనం అయిపోయి విమానం కూలింది, 10 మంది పోయారు.

అంటే ఆ గదిలో మనుషులు లేక కాదు, ఉన్నవారి నోరు పెగలక. ఈ సంగతి గ్రహించి 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక సదస్సు జరిపింది. చిన్నవాడు జంకు లేకుండా చెప్పడం, పెద్దవాడు చిన్నబుచ్చుకోకుండా వినడం, ఇదే పాఠంగా శిక్షణ మొదలయింది. ఇప్పుడు ఒకరు నడుపుతుంటే రెండోవారు ఎత్తు, వేగం చూస్తూ తప్పు కనిపిస్తే పైకి అనాలి. చేయవలసిన పనుల జాబితా ఒకరు చదివితే మరొకరు బదులు చెప్పాలి. కెప్టెనే ఎప్పుడూ నడపడు, వంతులు మారుతుంటారు.

పాఠం ఉన్నంత మాత్రాన అలవాటు కాదు గదా. 2010 మే 22న దుబాయి నుండి మన సోదరులను తెస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగుళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు. దారిలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయారని, దిగేటప్పుడు విమానం ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఎత్తున ఉందని విచారణలో తేలింది. దించవద్దు, మళ్ళీ పైకి లేపండి అని కో-పైలట్ మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ ఆ మాట చెల్లలేదు. ఇంట్లో వంట చేసుకుని ఎదురుచూచిన వాళ్ళకు చివరికి శవపేటికలు వచ్చాయి.

ఒంటరిగా వదిలితే ఏమవుతుందో కూడా లోకం చూచింది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ కెప్టెన్ కాసేపు బయటికి వెళ్ళగా, లోపలున్న కో-పైలట్ తలుపు బిగించుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండలకు కొట్టాడు. 150 మంది బలి అయ్యారు. అయినా ఖర్చు తగ్గుతుందని, ఆకాశంలో నడిమి దూరానికి ఒక్కరు చాలరా అనే ఆలోచన ఈ మధ్య యూరపులో లేచింది. పైలట్ల సంఘాలు గట్టిగా ఎదురు చెప్పాయి.

పెద్దల మాట చద్దిమూట అంటాం. మేము కాదనము. కాని ఆ గదిలో చిన్నవాడి మాట కూడా చద్దిమూటే. నేడు చాలా సంస్థలలో ఇద్దరిలో ఎవరు "పైకి లేపండి" అన్నా మారుమాట లేకుండా లేపవలసిందే. రెండో కుర్చీ వేసింది అందుకే. మంగుళూరులో ఆ కుర్చీ ఖాళీగా లేదు. అందులోని మనిషి మాట ఒక్కసారి విని ఉంటే ఎన్నో ఇళ్ళకు "క్షేమంగా చేరాను" అన్న ఫోను వచ్చి ఉండేది.