అందరికంటే ముందు లేచేవాళ్ళు

స్టేషన్ ఘనపూర్‌లో మా ఇంటి పక్కన ఒక రైల్వే కీమ్యాన్ ఉండేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. సికింద్రాబాద్–కాజీపేట లైన్లో తన వంతుకొచ్చిన పట్టాల వెంట, ఊరు లేవకముందే నడక మొదలుపెట్టేవాడు. భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. వదులైన కీలు కొట్టి బిగించడం, పట్టా విరిగినట్టు కనిపిస్తే బండిని ఆపడం ఆయన పని. బండెక్కేవాళ్ళకి అలాంటి మనిషి ఒకడున్నాడనే తెలియదు. "పట్టా విరిగిందని నీకెవరు చెప్తరు మామా?" అని ఒకసారి అడిగాను. "ముందుగాల నడిచేటోనికి ఎవడు చెప్తడు బిడ్డా? నేనే చూసుకోవాలె" అన్నాడు.

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అందులోనూ ఇలా ముందు నడిచేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ చరిత్ర ఎవరూ పెద్దగా రాయరు. నాకు మాత్రం అది నా సొంత తప్పుతోనే మొదలైంది.

1998లో మా ఊళ్ళో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో డాస్ నేర్చుకునేవాణ్ణి. సెకండ్‌హ్యాండ్ 486 మెషీన్లు, ఎంఎస్-డాస్ 6.22. ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే ఫైల్లో ఏం రాస్తే, మెషీన్ లేవగానే అది చేస్తుందని సార్ చెప్పాడు. ఆ సాయంత్రం దాంట్లో నా పేరు రాశాను. మర్నాడు స్విచ్ వేయగానే తెరమీద నా పేరు! ఆ సంబరంలో చివరి వరుసలో "ఆటోఎగ్జెక్" అని కూడా రాశాను. అంటే ఆ ఫైలు చివరికొచ్చి మళ్ళీ తననే పిలుస్తుంది. తెరంతా నా పేరే, ఆగకుండా. కంట్రోల్-సీ కొడితే ఆగేదని నాకప్పుడు తెలియదు. స్విచ్ ఆపి వేసినా మళ్ళీ అదే. సార్ వచ్చి మెషీన్ రీస్టార్ట్ చేసి, సరైన క్షణంలో ఎఫ్5 నొక్కాడు. డాస్ ఆ ఫైలు జోలికి పోకుండా నేరుగా లేచింది. తిట్టలేదు. "ముందు నడిచే ఫైల్లో రాసేటప్పుడు, వెనక్కి వచ్చే దారి తెలిసుండాలె" అన్నాడు, అంతే.

ఆ ఎఫ్5 సదుపాయం 1993లో డాస్ 6తో వచ్చింది. ఎఫ్8 నొక్కితే ఒక్కో వరుసా అడిగి మరీ నడిపేది. అంతకుముందు ఇలాంటి చిక్కు వస్తే విడిగా దాచుకున్న బూట్ ఫ్లాపీయే దిక్కు.

అసలు బూట్ అన్న మాటే ఒక వింత మీద పుట్టింది. తన బూటు పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడం. మన లెక్కలో, తన భుజం మీద తానే ఎక్కడం. ప్రోగ్రామును మెమొరీలోకి ఎక్కించాలంటే ఒక ప్రోగ్రాము కావాలి. మరి దాన్ని ఎవరు ఎక్కిస్తారు? అందుకే ఈ పని మెట్లు మెట్లుగా జరుగుతుంది. పీసీలో బయోస్ ముందు లేచి, డిస్కులోని మొదటి 512 బైట్లు చదువుతుంది. ఆ చిన్న ముక్క అంతకంటే పెద్ద ముక్కని లేపుతుంది. డాస్‌లో ఆ వరుస చివర కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ ఉండేవి. మామూలు మనిషి చెయ్యి పెట్టగలిగే చోటు అదే.

తెలుగువాళ్ళకి ఆ చోటు ఉత్త సరదా కాదు, అవసరం. డాస్‌కి ఇంగ్లీషు తప్ప రాదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, 1988లో ఏర్పడిన సీ-డాక్ చేతికి వచ్చిన జిస్ట్ అనే ఏర్పాటు ఈ గోడని దాటింది. పీసీలో ఒక కార్డు పెడితే, ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాముల్లోనే తెలుగు, హిందీ కనిపించేవి. 1991లో ప్రమాణంగా వచ్చిన ఇస్కీలో కింది 128 సంకేతాలు ఇంగ్లీషువి, పై సగం మన లిపులవి. తెలుగు "క"కీ హిందీ "క"కీ సంకేతం ఒకటే. కిటుకంతా సమయంలో ఉంది. తెలుగు చూపించాల్సినవాడు, వర్డ్‌స్టార్ లాంటిది తెరుచుకోకముందే తన చోట్లో సిద్ధంగా కూర్చుని ఉండాలి. ఆలస్యమైతే తెలుగు బదులు గీతలూ గడులూ కనిపిస్తాయి. మన భాష కంప్యూటర్‌లో నిలబడాలంటే ఇంకొకరికంటే ముందు లేవాల్సి వచ్చిందన్నమాట.

ముందు లేచే ఈ కిటుకు దొంగలకీ తెలుసు. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్ ఫ్లాపీలోని ఆ మొదటి ముక్కలోనే మకాం పెట్టింది. డాస్ లేచేసరికే అది మెమొరీలో ఉండేది. ఎవరైనా ఆ ముక్కని చదవబోతే, దాచిపెట్టిన అసలు ముక్కని చూపించేది. తర్వాత నిద్ర లేచేవాడికి ముందు లేచినవాడు ఏం చూపిస్తే అదే నిజం. తెలుగుని తెరమీదకి తెచ్చిందీ, వైరస్‌ని దాచిందీ ఒకే సూత్రం.

లినక్స్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. డిస్కుని చదవడానికి డ్రైవరు కావాలి, ఆ డ్రైవరేమో డిస్కులో ఉంది. 1996లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్, హాన్స్ లెర్మెన్ దీనికి ఇనిట్‌ఆర్డీ అనే మార్గం చూపారు. అసలు డిస్కు తెరుచుకోకముందే, అవసరమైన సామానంతా ఒక చిన్న మూటలో మెమొరీలోకి వస్తుంది. దాని వారసుడే ఇవాళ్టి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్. మనకి కావలసిన పనులు కూడా ఆ మూటలో కట్టిపెట్టొచ్చు.

కొన్నేళ్ళ కింద నేనూ కట్టాను. నా ల్యాప్‌టాప్ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. లేవగానే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇంగ్లీషులో. తెలుగులో అడిగితే ఏం అనుకున్నాను. లినక్స్ మామూలు టెక్స్ట్ కన్సోల్‌తో కుదరదు. దానిలో ఒకేసారి 512 అక్షర రూపాలకి మించి పట్టవు, ఒత్తులు గుణింతాలు కూర్చడం దానికి రానే రాదు. ప్లిమత్ అనే తెర ఉంటే కుదురుతుంది, కానీ దానికి తెలుగు ఫాంటు కావాలి. ఆ ఫాంటు ఎక్కడుంది? తాళం వేసిన డిస్కులోనే! తాళం తీయమని తెలుగులో అడగాలంటే, తెలుగు ఆ తాళం లోపలుంది. పోతన ఫాంటునీ, అక్షరాలు కూర్చే లైబ్రరీనీ మూటలోకి ఎక్కించాను. మొదటిసారి నేను రాసిన స్క్రిప్టులో తప్పు దొర్లి మెషీన్ లేవలేదు. గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే లేచింది, దాని మూట దానికి విడిగా ఉంది కాబట్టి. ఎఫ్5 సార్ గుర్తొచ్చాడు.

ఈ వెనక్కి వచ్చే దారి ఎంత అవసరమో ప్రపంచమంతటికీ తెలిసిన రోజు 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా ప్రోగ్రాము డ్రైవరు, విండోస్ లేచేటప్పుడు మొట్టమొదట లేచేవాటిలో ఒకటి. వైరస్ కంటే ముందుండాలన్నదే దాని ఉద్దేశం. మన టైము ప్రకారం పొద్దున 9:39కి దానికొక చిన్న ఫైలు అప్‌డేట్‌గా వెళ్ళింది. అందులోని కొత్త రకం నియమాలు 21 విలువలు ఆశించాయి, ప్రోగ్రాము ఇచ్చింది 20. లేని ఇరవై ఒకటో దానికోసం మెమొరీలో హద్దు దాటి చూసింది, విండోస్ కుప్పకూలింది. లేపితే డ్రైవరు మళ్ళీ ముందే లేస్తుంది, మళ్ళీ కూలుతుంది. తననే పిలుచుకునే నా ఆటోఎగ్జెక్ లాగే! 78 నిమిషాల్లో, 10:57కి కంపెనీ ఆ ఫైలుని వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే కూలినవాటిలో చాలావాటికి ఆ కబురు అందేలా లేదు. నెట్‌వర్క్ దాకా లేస్తేగా!

మైక్రోసాఫ్ట్ లెక్కలో 85 లక్షల మెషీన్లు, మొత్తం విండోస్ మెషీన్లలో ఒక శాతం కూడా కాదు. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది, హైదరాబాద్ నుంచి కోల్‌కతాకి. విరుగుడు చిన్నదే. సేఫ్ మోడ్‌లో లేపి ఒక ఫైలు తీసేయాలి. కానీ ఒక్కో మెషీన్ దగ్గరికీ మనిషి వెళ్ళాలి, డిస్కుకి బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరు కూడా పడిపోతే? కొన్నిచోట్ల అదీ జరిగింది.

ముందు లేచే పనులే తప్పు అనడం తేలిక. నేననను. అవి లేకపోతే డాస్‌లో తెలుగు లేదు, తాళం వేసిన డిస్కు లేదు. కానీ ముందు లేచేవాడు పడితే పట్టుకునేవాడు ఇంకా లేవలేదన్న సంగతి మర్చిపోకూడదు. ఆ 2024 నవంబర్‌లోనే, లేవలేని మెషీన్‌కి రికవరీ దశలోనే నెట్ ద్వారా విరుగుడు పంపే ఏర్పాటుని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఒక రకంగా మళ్ళీ ఎఫ్5నే. తేడా ఒకటుంది. అప్పుడు ఆ మీట మా సార్ వేలి కింద ఉండేది, ఇప్పుడది ఎక్కడో దూరంగా ఉంది. ఆఫీసు మెషీన్లలో ముందేం లేవాలో మనం రాసే రోజులు పోయాయి, ఏం లేస్తోందో తెలిసినవాళ్ళూ తక్కువే.

నా ల్యాప్‌టాప్ మాత్రం ఇప్పటికీ పొద్దున్నే "పాస్‌వర్డ్ చెప్పండి" అని తెలుగులో అడుగుతుంది. డిస్కులో ఎంత చోటు తక్కువైనా, పాత కెర్నల్‌ని ఒకదాన్ని తీసేయకుండా ఉంచుతున్నాను.